విజిట్ వీసా మీద బడిలో అడుగు పెట్టకండి

దోహాలోని ఇండియన్ స్కూళ్ళకు కొత్త విద్యాసంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది. దానికి రెండు మూడు నెలల ముందే హైదరాబాద్, విజయవాడ, కరీంనగర్, కాకినాడల్లో బీఈడీ చేసి కూర్చున్నవాళ్ళ ఫోన్లకు వాట్సాప్ వాయిస్ మెసేజీలు రావడం మొదలవుతుంది. గొంతులు వేరు, మాట ఒకటే. "మేడమ్, వర్క్ వీసా అంటే లేటవుతుంది. విజిట్ మీద వచ్చేయండి, క్లాసులు మొదలుపెట్టేయండి. ప్రాసెస్ సంగతి ఇక్కడ మేం చూసుకుంటాం."

వెళ్ళకండి.

ఆ మాట చెప్పేది ఏజెంటు కావచ్చు, స్కూలు ఆఫీసులో పనిచేసే మన ఊరి మనిషే కావచ్చు, సాక్షాత్తూ ప్రిన్సిపాలే కావచ్చు. ఎవరు చెప్పినా ఖతార్ చట్టం ముందు అది చెల్లదు. విజిట్ వీసా మీద వెళ్ళి జీతానికి పాఠం చెప్తే, మొదటి పీరియడ్ గంట కొట్టేసరికే నేరం జరిగిపోయినట్టు. పట్టుబడిన రోజున స్కూలు జరిమానా కట్టి మర్నాడు యథాప్రకారం గేటు తెరుస్తుంది. టీచరుకు అలా కాదు. ఆమెను దేశం నుంచి పంపించేస్తారు, వేలిముద్రలు రికార్డులో ఉండిపోతాయి, అనుమతి లేనిదే మళ్ళీ ఆ దేశంలో కాలు పెట్టడం కుదరదు. అప్పు చేసి వెళ్ళినవాళ్ళకు ఆ అప్పు ఇక్కడ ఎదురుచూస్తూ ఉంటుంది.

జనం ఎందుకు నమ్ముతారో అర్థం చేసుకోలేని సంగతేం కాదు. తెలంగాణలో 2024 డీఎస్సీలో ఉన్నవి 11,062 పోస్టులు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 మెగా డీఎస్సీకి 16,347 పోస్టులు ప్రకటిస్తే దరఖాస్తు చేసినవాళ్ళు మూడు లక్షల పైచిలుకు. మిగిలినవాళ్ళంతా ఎక్కడికి పోవాలి? కార్పొరేట్ స్కూల్లో ఉదయం ఏడున్నర నుంచి సాయంత్రం ఐదున్నర దాకా నిలబడి పాఠం చెప్పినా చేతికొచ్చే జీతం చూసి కడుపు మండినవాళ్ళే ఎక్కువ. అలాంటివాళ్ళకు ఎవరో "నెలకు మూడు వేల రియాళ్ళు, రూమ్ స్కూలుదే" అంటే చెవులు నిక్కబొడుచుకుంటాయి. డాలరుకు 3.64 రియాళ్ళ చొప్పున ఆ దేశం ఎప్పటి నుంచో మారకం రేటు కట్టేసి ఉంచింది కాబట్టి రూపాయి పడిపోయినకొద్దీ ఆ మూడు వేలు మన కంటికి ఇంకా లావుగా కనిపిస్తాయి. అక్కడ టీచర్ల అవసరం కూడా నిజమే. ఖతార్‌లో భారతీయులు ఎనిమిది లక్షల పైనే. పిల్లలకు సీట్లు చాలక కొన్ని ఇండియన్ స్కూళ్ళు మధ్యాహ్నం షిఫ్టు కూడా పెట్టాయి. షిఫ్టు పెట్టాక టీచరు రేపే కావాలి, వీసా రావడానికేమో నెలలు పడుతుంది. మోసం పుట్టేది ఆ మధ్య ఖాళీలోనే.

దీనికి తోడు 2017 ఆగస్టులో ఖతార్ 80 దేశాల పౌరులకు ముందస్తు వీసా అవసరం లేకుండా చేసింది. ఆ జాబితాలో మనమూ ఉన్నాం. ఆరు నెలల గడువున్న పాస్‌పోర్టు, తిరుగు టికెట్టు, హోటల్ బుకింగ్ వంటివి చూపిస్తే 30 రోజులు ఉండనిస్తారు, ఇంకో 30 రోజులు పొడిగించుకోవచ్చు. శంషాబాద్‌లో విమానం ఎక్కితే నాలుగైదు గంటల్లో దోహా. అడిగేవాడు లేడు, ఆపేవాడు లేడు. ఇంత తేలిగ్గా రానిచ్చిన దేశం పని కూడా అంతే తేలిగ్గా చేసుకోనిస్తుందనుకోవడం దగ్గరే మనవాళ్ళు బోల్తా పడుతున్నారు. ఆ సౌకర్యం చుట్టపుచూపుగా వచ్చేవాళ్ళకూ, ఊరు చూడ్డానికి వచ్చేవాళ్ళకూ. గడువు దాటితే విజిట్ మీద ఉన్నవాళ్ళకు రోజుకు 200 రియాళ్ళ జరిమానా, అంటే మన డబ్బుల్లో నాలుగు వేల రూపాయల పైన. నెల తిరిగేసరికి అది ఎంతవుతుందో లెక్కల మేడమ్‌కు వేరే చెప్పాలా?

విదేశీయుల రాకపోకలు, నివాసం గురించి ఖతార్‌లో ఇప్పుడు నడుస్తున్నది 2015 నాటి 21వ నంబరు చట్టం. 2016 డిసెంబరులో అమల్లోకి వచ్చింది. ఏ పని కోసం, ఎవరి దగ్గర చేయడానికి అనుమతి ఇచ్చారో అది తప్ప మరొకటి చేయకూడదన్నది అందులోని మూలసూత్రం. తీవ్రమైన ఉల్లంఘనలకు మూడేళ్ళ దాకా జైలు, 50,000 రియాళ్ళ దాకా జరిమానా రాసిపెట్టారు. ఆ జరిమానా మన లెక్కలో పది లక్షల రూపాయల పైమాటే. 2004 నాటి 14వ నంబరు కార్మిక చట్టం దీనికి తోడు. వర్క్ పర్మిట్ లేని విదేశీయుణ్ణి పనిలో పెట్టుకోవడమే కుదరదని అది చెప్తుంది. స్కూలు విషయానికొస్తే మరో తాళం కూడా ఉంది. ప్రైవేటు స్కూళ్ళు విద్యాశాఖ లైసెన్సు మీద నడుస్తాయి, ఎవరిని టీచరుగా పెట్టుకోవాలన్నా ఆ శాఖ ఆమోదం కావాలి. డిగ్రీ, బీఈడీ పట్టాలు మన రాష్ట్రంలోనూ, ఢిల్లీలో విదేశాంగ శాఖలోనూ, ఖతార్ ఎంబసీలోనూ ముద్రలు వేయించుకుని అక్కడికి చేరాలి. ఇన్ని చేతులు మారాల్సిన ఫైలు "వచ్చాక చూసుకుందాం" అంటే అయ్యే పనేనా?

సరైన దారి ఎలా ఉంటుందో దగ్గరగా చూస్తే తప్పుదారిని గుర్తుపట్టడం తేలిక. 2019లో ఖతార్ మన దేశంలో ఏడు వీసా సెంటర్లు తెరిచింది. వాటిలో ఒకటి హైదరాబాద్‌లోనే ఉంది. దాన్నే మనవాళ్ళు క్యూవీసీ అంటారు. అక్కడి యజమాని దరఖాస్తు పెట్టి, ఆ దేశం ఒప్పుకున్నాక, మీ పేరు మీద ఒక వీసా నంబరు వస్తుంది. ఆ నంబరుతో అపాయింట్‌మెంటు. వెళితే వేలిముద్రలు, కంటిపాప ఫోటో తీసుకుంటారు. రక్తపరీక్ష, ఛాతీ ఎక్స్‌రే అక్కడే. తర్వాత ఒక కౌంటరు దగ్గర కూర్చోబెట్టి మీ కాంట్రాక్టును తెర మీద చూపిస్తారు. యజమాని పేరు, మీ ఉద్యోగం పేరు, మూల జీతం, ఇంటి భత్యం, గడువు అన్నీ అందులో ఉంటాయి. అది చదివి, ఒప్పుకుంటేనే సంతకం. ఫోన్లో మూడు వేలు చెప్పి తెర మీద పదిహేను వందలు చూపిస్తే "నేను సంతకం పెట్టను" అని లేచి వచ్చేయవచ్చు. బస్సెక్కి సాయంత్రానికి ఇంటికి చేరుకోవచ్చు. దోహాలో దిగాక కుదరని పని అది.

విజిట్ మీద రమ్మనేవాడు మిమ్మల్ని తప్పిస్తున్నది సరిగ్గా ఈ కౌంటరు నుంచే. మీరు కాంట్రాక్టు చూడకూడదు, మీ పేరు ఏ రికార్డులోకీ ఎక్కకూడదు. అతను చెప్పే "ఆలస్యం" అన్న కారణానికి వెనక ఉన్న అసలు సంగతి ఇదే. కొన్ని సందర్భాల్లో దేశంలో ఉండగానే వీసా రకం మార్చుకునే వీలు ఉంటుంది, కాదనను. కానీ మారేదాకా పని చేయకూడదు. ఏజెంట్లు మొదటి వాక్యం గట్టిగా చెప్పి రెండోది మింగేస్తారు.

నిజమైన వీసా మీద దిగినవాళ్ళకు మిగతా పని అయ్యాక చేతికి ఖతార్ ఐడీ కార్డు వస్తుంది. ఆ కార్డు వైపు ఒకసారి తేరిపార చూడండి. పదకొండు అంకెల నంబరు. మొదటి అంకె పుట్టిన శతాబ్దానిది, తర్వాతి రెండు పుట్టిన సంవత్సరానివి, ఆ తర్వాతి మూడు దేశానివి. 1990లో పుట్టిన భారతీయుల నంబరు 290356తో మొదలవుతుంది. ముందు వైపు మీ పేరు, వృత్తి, గడువు తేదీ. అసలు విషయం మాత్రం వెనక ఉంది. నివాసం ఏ రకమో, యజమాని ఎవరో అక్కడ రాసి ఉంటుంది. తనిఖీకి వచ్చిన అధికారి చేసే మొదటి పని కార్డు తిప్పి చూడటం. అక్కడ మీ స్కూలు పేరు ఉండాలి. వేరే పేరు ఉందా, దానికి జవాబుగా మరో అనుమతి పత్రం చూపించగలగాలి.

వేరే పేరు ఉండే సందర్భాల్లో మన తెలుగువాళ్ళకు అన్నిటికంటే దగ్గరిది భర్త స్పాన్సర్‌షిప్. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇందులో చిక్కుకునేవాళ్ళలో చాలామందికి తాము తప్పు చేస్తున్నామన్న సంగతే తెలియదు. ఆయన రస్ లఫాన్‌లోనో, మెసయీద్‌లోనో గ్యాస్ కంపెనీలో ఇంజనీరు. ఆవిడ ఎమ్మెస్సీ, బీఈడీ. పిల్లలు బడికి పోయాక ఇంట్లో ఒక్కతే. పక్క ఫ్లాటు మలయాళీ ఆవిడ చెప్పింది, నర్సరీలో మేడమ్ కావాలట, ఇంటర్వ్యూ కూడా మాట వరసకే. ఆవిడ దగ్గర ఐడీ ఉంది, రెసిడెన్సీ చెల్లుతోంది, ఆసుపత్రి కార్డు ఉంది, డ్రైవింగ్ లైసెన్సు కూడా ఉండవచ్చు. "నాకు వీసా ఉంది కదా, ఇంకేం కావాలి?" అన్న ప్రశ్న సహజమే. కానీ కార్డు వెనక నివాసం రకం దగ్గర ఉన్నది ఫ్యామిలీ అని. అది ఉండటానికి అనుమతి. ఉద్యోగానికి అనుమతి వేరు.

ఆ అనుమతి దొరకనిదేం కాదు. ఇదే బాధ కలిగించే విషయం. కుటుంబ వీసా మీద ఉన్నవాళ్ళను, స్పాన్సర్‌షిప్ మార్చకుండానే, ఉద్యోగంలో పెట్టుకోవడానికి ఖతార్ కార్మిక శాఖ వర్క్ పర్మిట్ ఇస్తుంది. దరఖాస్తు పెట్టాల్సింది స్కూలు, ఆన్‌లైన్‌లోనే. మరి స్కూళ్ళు ఎందుకు పెట్టవు? కొన్ని పెడతాయి. పెట్టని చోట కారణం ఊహించడం కష్టం కాదు. పర్మిట్ అంటే కాంట్రాక్టు. కాంట్రాక్టు అంటే జీతం బ్యాంకు ద్వారా, సెలవులు, సర్వీసు పూర్తయ్యాక గ్రాట్యుటీ. ఏటా కనీసం మూడు వారాల మూల వేతనం చొప్పున అది కట్టాలని అక్కడి కార్మిక చట్టం. ఇవేవీ ఇవ్వకుండా కవర్లో నోట్లు పెట్టి ఇచ్చేయడం యాజమాన్యానికి చవక. "మీకెందుకు మేడమ్ ఆ తలనొప్పి, సార్ జీతం ఉందిగా" అన్న మాటలోని తీపికి ఇదీ ధర. రేపు తనిఖీలో బయటపడితే మాత్రం ఆవిడ ఒక్కతే కాదు, స్పాన్సరుగా సంతకం పెట్టిన భర్త ఫైలు కూడా తెరుచుకునే ప్రమాదం ఉంది. ఇల్లు, పిల్లల చదువు, ఆయన ఉద్యోగం అన్నీ ఒకే తాడుకు కట్టి ఉన్న కుటుంబానికి ఇది ఎంత పెద్ద పందెమో ఆలోచించండి. పార్ట్ టైమ్ అయినా, రోజుకు రెండు గంటలే అయినా, ప్రసూతి సెలవులో వెళ్ళిన టీచరు బదులు ఆరు వారాలే అయినా నియమం ఒకటే.

ట్యూషన్లదీ ఇదే దారి. సాయంత్రం ఆరింటికి అపార్ట్‌మెంట్ హాల్లో చాప పరిచి పదిమంది పిల్లలకు గణితం చెప్పడం మన ఊళ్ళో గౌరవమైన పని. ఖతార్‌లో బోధనా కేంద్రాలకు 2015లో ప్రత్యేకంగా చట్టం చేశారు. లైసెన్సు లేకుండా డబ్బు తీసుకుని చదువు చెప్పడం నేరం. తెలుగు గ్రూపుల్లో "పదో తరగతి సీబీఎస్‌ఈ, అనుభవం ఉన్న టీచర్" అని ఫోన్ నంబరుతో సహా ప్రకటన పెట్టేవాళ్ళు తమ మీద సాక్ష్యం తామే తయారుచేసి పెడుతున్నారు. పిల్లల్ని పంపే తల్లిదండ్రులు కూడా ఆ టీచరు క్షేమం కాస్త ఆలోచించాలి.

ఇక మూడో రకం. ఒక కంపెనీ వీసా మీద దిగి మరో చోట పనిచేయడం. గల్ఫ్‌లో దశాబ్దాలుగా దీన్ని ఫ్రీ వీసా అనీ, ఆజాద్ వీసా అనీ పిలుస్తున్నారు. ఆ పేరుతో ఏ దేశంలోనూ వీసా లేదు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల్లో దీని వల్ల కల్లివెల్లి అయిపోయిన, అంటే కాగితాలు లేకుండా మిగిలిపోయిన కూలీల కథలు వినని ఇల్లు ఉండదు. ఇప్పుడు అదే వీసా మెడలో ఐడీ కార్డు వేసుకుని, చేతిలో మార్కర్ పట్టుకుని క్లాసులోకి వస్తోంది. వీసాలో ఉద్యోగం సేల్స్ అనో, క్లర్క్ అనో ఉంటుంది, చేసేది భౌతికశాస్త్రం బోధన.

ఈ మధ్య ఇంకో అపోహ కూడా చేరింది. 2020లో ఖతార్ కఫాలా పద్ధతిని, అంటే ఉద్యోగిని యజమాని స్పాన్సర్‌షిప్‌కు కట్టేసే పద్ధతిని, సడలించిన మాట నిజం. ఆ ఏడాది తెచ్చిన 18, 19 నంబరు చట్టాలతో, ఉద్యోగం మారడానికి పాత యజమాని ఎన్‌ఓసీ అవసరం లేకుండా పోయింది. అంతకుముందు 2018లోనే చాలామందికి ఎగ్జిట్ పర్మిట్ తీసేశారు. 2021 మార్చి నుంచి వెయ్యి రియాళ్ళ కనీస మూల వేతనం అందరికీ వర్తించింది. ఇవన్నీ మంచి మార్పులే. కానీ "ఇప్పుడు ఎవరి దగ్గరైనా పనిచేయొచ్చంట" అని మన గ్రూపుల్లో తిరిగే మాట అబద్ధం. ఉద్యోగం మారాలంటే కార్మిక శాఖ వ్యవస్థ ద్వారా నోటీసు ఇవ్వాలి. సర్వీసు రెండేళ్ళ లోపైతే ఒక నెల, దాటితే రెండు నెలలు. కొత్త యజమాని పేరు మీదకు ఫైలు మారిన తర్వాతే కొత్త బడిలో పాఠం. నోటీసు ఇవ్వకుండా మానేసి వెళ్ళిపోతే పాత యజమాని పరారీ కేసు పెట్టవచ్చు, అప్పుడు చెల్లే వీసా కూడా చెల్లకుండా పోతుంది.

పట్టుబడటం ఒక్కటే ప్రమాదమనుకుంటే పొరపాటు. పట్టుబడకపోయినా నష్టమే. మూడు నెలల జీతం ఆపేశారనుకోండి. ఖతార్‌లో కార్మిక వివాదాల కమిటీలు 2018 నుంచి పనిచేస్తున్నాయి. మూడు వారాల్లో తేల్చాలన్నది వాటికి పెట్టిన గడువు. చట్టబద్ధంగా ఉన్న టీచరుకు అది దారి. విజిట్ మీద ఉన్న టీచరు ఆ గుమ్మం ఎక్కాలంటే, నేను అనుమతి లేకుండా పనిచేశానని ముందు తనే ఒప్పుకోవాలి. ఈ లెక్క ఆమెకంటే బాగా జీతం ఎగ్గొట్టేవాడికి తెలుసు. జ్వరం వస్తే ప్రభుత్వ ఆసుపత్రిలో తక్కువ ఖర్చుతో చూపించుకునే హెల్త్ కార్డు లేదు, ఐడీ ఉంటేనే అది. బ్యాంకు ఖాతా లేదు. ఇల్లు సొంత పేరున అద్దెకు దొరకదు. స్టాఫ్‌రూమ్‌లో ఎవరైనా అవమానించినా, మరీ ఘోరంగా ప్రవర్తించినా పోలీసు స్టేషనుకు వెళ్ళే ధైర్యం ఉండదు. ఒంటరిగా వెళ్ళిన ఆడపిల్లల విషయంలో ఈ చివరి మాట మళ్ళీ చదవండి.

కాగితాలన్నీ సక్రమంగా ఉన్నవాడికే ఆ దేశంలో క్లాసురూము ఎంత సున్నితమైన చోటో 2013లో ఒక నేపాలీ టీచరు అనుభవం చెప్తుంది. దోర్జే గురుంగ్ దోహాలో పేరున్న ఖతార్ అకాడమీలో రసాయనశాస్త్రం చెప్పేవారు. తనను వెక్కిరించిన విద్యార్థులతో జరిగిన మాటల్లో ఇస్లాంను అవమానించారన్న ఆరోపణతో ఆయనను జైల్లో పెట్టారు. ప్రపంచం నలుమూలల నుంచి వేలమంది సంతకాలు చేశారు, పత్రికలు రాశాయి. పన్నెండు రోజుల తర్వాత వదిలిపెట్టారు. ఆయనది వీసా కేసు కాదు. ఆయన కోసం గొంతెత్తినవాళ్ళు ఉన్నారు, ఆయన ఎవరో, ఎక్కడ పనిచేస్తారో చెప్పే రికార్డు ఉంది. రికార్డులోనే లేని టీచరు ఇలాంటి చిక్కులో పడితే స్కూలు చెప్పే మొదటి మాట "ఆమె మా స్టాఫ్ కాదు" అనే.

చదువుకున్నవాళ్ళం, మనల్ని ఎవరు మోసం చేస్తారన్న ధీమా ఒకటి టీచర్లలో ఉంటుంది. అమెరికాలోని లూసియానాకు 2007 నుంచి మొదలుపెట్టి మూడు వందల యాభై మందికి పైగా ఫిలిప్పీన్స్ టీచర్లను తీసుకెళ్ళిన ఏజెన్సీ ఒక్కొక్కరి దగ్గర వేల డాలర్లు గుంజింది. వాళ్ళంతా డిగ్రీలు, అనుభవం ఉన్నవాళ్ళే. కోర్టుకెక్కితే 2012 డిసెంబరులో జ్యూరీ 45 లక్షల డాలర్లు కట్టమంది. ఇక మన ఇంటి సంగతి. 2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అనే ఉత్తుత్తి కాలేజీ కేసులో మొదట అరెస్టయిన 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులు, అందులో తెలుగు పిల్లలు చాలామంది. వాళ్ళను చేర్పించినవాళ్ళలోనూ మన పేర్లే. "మనవాడే" అన్న మాట ఎక్కడ ఎక్కువగా వినిపిస్తే అక్కడ కాగితం ఒకటికి రెండుసార్లు చూడాలి.

మన వైపు చట్టంలోనూ ఒక సందు ఉంది. ఖతార్ సహా 18 దేశాలకు పనికి వెళ్ళేవాళ్ళలో పదో తరగతి పాస్ కానివాళ్ళ పాస్‌పోర్టు ఈసీఆర్ (ఎమిగ్రేషన్ తనిఖీ అవసరం) కింద ఉంటుంది. వాళ్ళు ఈ-మైగ్రేట్‌లో నమోదై, అనుమతి తీసుకునే వెళ్ళాలి. డిగ్రీ ఉన్న టీచరుకు ఈ తనిఖీ లేదు. తాపీమేస్త్రీని ఎయిర్‌పోర్టులో నాలుగు ప్రశ్నలు అడుగుతారు, మేడమ్‌ను ఒక్కటీ అడగరు. ఆ మర్యాదే ఆమెను గాల్లో వదిలేస్తోంది. అయితే ఒక విషయం తెలుసుకోండి. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపే ఏ ఏజెంటుకైనా కేంద్రం ఇచ్చిన రిజిస్ట్రేషన్ ఉండాలి. అతను మీ దగ్గర తీసుకోగలిగిన గరిష్ఠ ఫీజు 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. రిజిస్టర్ అయినవాళ్ళ జాబితా ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. లక్షన్నర, రెండు లక్షలు అడుగుతూ రసీదు ఇవ్వనివాడు ఆ జాబితాలో ఉండడు. దొంగ ఏజెంటుకు ఆ చట్టంలో ఉన్న శిక్ష రెండేళ్ళ దాకా జైలు, రెండు వేల రూపాయల దాకా జరిమానా. అవును, రెండు వేలే. నలభై ఏళ్ళ కింద రాసిన అంకె. ఒక టీచరు దగ్గర రెండు లక్షలు తిన్నవాడికి అది ఒక పూట హోటల్ బిల్లు. పార్లమెంటులో మన ఎంపీలు ఈ ఒక్క అంకె మీద ఎప్పుడు నోరు విప్పుతారో మరి. విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపే టామ్‌కామ్ తెలంగాణలో, ఓమ్‌క్యాప్ ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ సంస్థలే. నర్సులకు, డ్రైవర్లకు చూపిస్తున్న శ్రద్ధ ఈ రెండూ టీచర్లకూ చూపించవచ్చు.

ఇప్పటికే అక్కడ చిక్కుకున్నవాళ్ళకు ప్రత్యేకంగా కొన్ని మాటలు. ముందు మీ స్థితి మీరే చూసుకోండి. ఖతార్ హోం శాఖ వెబ్‌సైట్‌లోనూ, మెట్రాష్ యాప్‌లోనూ వీసా, నివాసం వివరాలు కనిపిస్తాయి. "ప్రాసెస్‌లో ఉంది" అని స్కూలు చెప్పే మాట నిజమో కాదో అక్కడ తేలిపోతుంది. రెసిడెన్సీ గడువు తీరినవాళ్ళకు పునరుద్ధరణకు 90 రోజుల వెసులుబాటు ఉంది, దాన్ని ఆఖరి రోజు దాకా లాగకండి. పాస్‌పోర్టు స్కూలు బీరువాలో ఉంటే అడిగి తీసుకోండి. రెసిడెన్సీ పని పూర్తయ్యాక కూడా ఉద్యోగి పాస్‌పోర్టు దగ్గర పెట్టుకున్న యజమానికి 25,000 రియాళ్ళ దాకా జరిమానా ఉందని చట్టమే చెప్తోంది. ఖాళీ చెక్కు మీద, ఖాళీ కాగితం మీద సంతకం ససేమిరా పెట్టవద్దు. చెక్కు కేసు ఒక్కటి ఉంటే చాలు, విమానం ఎక్కనివ్వరు.

క్షమాభిక్ష వస్తుందిలే అని కూర్చోవడం మరో పొరపాటు. 2016 సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా ఒకసారి ఇచ్చారు. 2025 ఫిబ్రవరి 9 నుంచి మూడు నెలలు మళ్ళీ ఇచ్చారు. నేరుగా హమద్ విమానాశ్రయానికి వెళ్ళి గానీ, సల్వా రోడ్డులోని సెర్చ్ అండ్ ఫాలోఅప్ విభాగానికి మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రాత్రి తొమ్మిది లోపు వెళ్ళి గానీ దేశం వదిలే వీలు అప్పుడు కలిగింది. ఇలాంటి అవకాశం ఒకసారి పోతే మళ్ళీ రావడానికి ఏళ్ళు పడుతుంది. అంతకాలం దాక్కుని పాఠాలు చెప్పగలరా? దోహాలోని మన ఎంబసీకి వెళ్ళండి. కార్మికుల ఫిర్యాదులు వినడానికి అక్కడ బహిరంగ సమావేశాలు పెడుతుంటారు. ఎంబసీ ఆధ్వర్యంలో నడిచే ఐసీబీఎఫ్ వాళ్ళు టికెట్టు నుంచి న్యాయ సలహా దాకా సాయం చేస్తారు. ఇంటి దగ్గర ఉన్నవాళ్ళు మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. ప్రవాసీ భారతీయ సహాయ కేంద్రం టోల్ ఫ్రీ నంబరు 1800 11 3090. జరిమానా ఎంతో, దాని మీద ఏం చేయవచ్చో ఎంబసీ ద్వారా అడిగి తెలుసుకుని స్వచ్ఛందంగా బయటపడిన మనిషికీ, తనిఖీలో దొరికి డిపోర్టేషన్ సెంటర్ నుంచి విమానం ఎక్కిన మనిషికీ రేపు మరో గల్ఫ్ దేశంలో ఉద్యోగం వెతుక్కునేటప్పుడు చాలా తేడా ఉంటుంది.

దోహాలో తెలుగు సంఘాలు తక్కువేం లేవు. ఉగాది సభ సరిగ్గా స్కూళ్ళు టీచర్లను తీసుకునే రోజుల్లోనే వస్తుంది. కవి సమ్మేళనానికీ, పులిహోర పంపకానికీ మధ్య పది నిమిషాలు కేటాయించి, కార్మిక శాఖ పర్మిట్ ఎలా తీసుకోవాలో తెలిసిన ఒకరి చేత చెప్పిస్తే హాల్లో కూర్చున్న ఎంతమంది ఆడవాళ్ళకు పనికొస్తుందో. భర్త స్పాన్సర్‌షిప్ మీద ఉండి ఇప్పటికే స్కూల్లో పనిచేస్తున్నవాళ్ళు అంతదాకా కూడా ఆగనక్కర్లేదు. రేపు ఉదయం ఆఫీసు గదిలోకి వెళ్ళి "నా పర్మిట్ కాపీ ఇవ్వండి" అని అడగండి. ఇవ్వలేకపోతే, దరఖాస్తు పెట్టి అది వచ్చేదాకా క్లాసుకు రానని చెప్పండి.

ఈ ఏప్రిల్‌కు విజిట్ టికెట్టు కొనేసిన వాళ్ళు రద్దు చేసుకోండి, పోయేది టికెట్టు డబ్బులే. స్కూలుకు ఒక మెయిల్ పెట్టండి. నా పేరు మీద వర్క్ వీసా నంబరు ఎప్పుడు వస్తుంది, హైదరాబాద్ క్యూవీసీలో అపాయింట్‌మెంటు ఏ తేదీన అని రెండే రెండు ప్రశ్నలు. ఫోన్లో జవాబు చెప్తామంటే వద్దనండి, రాతలో పంపమనండి. నంబరు వచ్చేదాకా ఇక్కడి ఉద్యోగానికి రాజీనామా ఇవ్వకండి.